టినా పాదాల దగ్గర చోటు

మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్లో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఇండియన్ స్టోర్‌కి చామాకులు ఎప్పుడో గాని రావు. వచ్చినా ఆ వెడల్పాటి ఆకుల్ని చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, గోంగూర కట్టల వెనక ఎక్కడో పెట్టేస్తారు. కొనేవాళ్లు లేక రెండు రోజుల్లో అంచులు పసుపెక్కిపోతాయి. మొన్న శనివారం ఉన్న చుట్టలన్నీ తెచ్చేసుకున్నాను. ఈనెలు తీసి, ఉల్లిపాయ తరిగి, చిక్కటి కొబ్బరిపాలు ఆకుల్లో పోసి పొట్లాలు కట్టి ఓవెన్‌లో పెట్టాను. కాసేపటికి వాసన మొదలైంది. ముందు ఆకు మగ్గుతున్న పచ్చివాసన, దాని మీదుగా కొబ్బరిపాలు విరిగి నూనె తేలుతున్న కమ్మటి వాసన. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చి, అది స్వీటా హాటా అని అడిగింది. ఆ వాసన తగిలితే ఎవరికైనా ఆకలి వేస్తుందేమో. నాకు మాత్రం కుళ్లు పుడుతుంది. దాదాపు నలభై అయిదేళ్ల నాటి కుళ్లు, ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

నా చిన్నతనం కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌కి దక్షిణంగా ఉన్న కార్సన్ అనే ఊళ్లో గడిచింది. డెబ్బైల చివరి మాట. నాన్న ఆయిల్ రిఫైనరీలో ఇంజనీరు. జూన్ వచ్చిందంటే సముద్రం మీంచి కమ్ముకొచ్చిన మంచు మధ్యాహ్నం దాకా వీధి చివర కనపడనిచ్చేది కాదు. అక్టోబరులో ఎడారి వైపు నుంచి వేడిగాలి వీచి పెదవులు పగిలేవి, తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొట్టేది. జనవరి వానల్లో రిఫైనరీ గొట్టాల నుంచి వచ్చే కుళ్లిన గుడ్ల వాసన, తడిసిన యూకలిప్టస్ ఆకుల వాసన కలిసి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చునేవి. ఆ ఊళ్లో తెలుగువాళ్లు మేమొక్కళ్లమే. ఇంకో తెలుగు కుటుంబాన్ని చూడాలంటే ఫ్రీవే మీద గంట ప్రయాణం.

అమ్మ నర్సు. కాకినాడలో చదువుకుని, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, మళ్లీ పరీక్షలు రాసి, ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి పుళ్లు కడిగి కట్లు కట్టే ఉద్యోగంలో చేరింది. బడి వదిలాక నన్ను చూసేవాళ్లు లేక తనతోపాటు తిప్పేది. కారు వెనక సీట్లో హోంవర్క్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎంతమంది ముసలివాళ్ల గుమ్మాల ముందు కూర్చున్నానో లెక్క లేదు. చాలా ఇళ్లలో ఒక మనిషి, ఒక టీవీ, ఒక గాజు గిన్నెలో ఒకదానికొకటి అతుక్కుపోయిన చాక్లెట్లు ఉండేవి. అమ్మ లోపలికి వెళ్లి, ఇరవై నిమిషాల్లో పని ముగించుకుని, వాచీ చూసుకుంటూ వచ్చేసేది.

నాకు అమ్మమ్మ అంటే నీలం రంగు ఎయిర్‌లెటర్. రాజమండ్రిలో మామయ్య దగ్గర ఉండేది. నా మూడో ఏట ఒకసారి చూశానట, నాకు గుర్తు లేదు. ఉత్తరం మడిచే అంచులో చోటు మిగిలితే "అమ్మడికి ముద్దులు" అని ఇరికించి రాసేది. చోటు మిగలకపోతే అదీ లేదు. క్లాసులో పిల్లలు సోమవారం పొద్దున్నే తమ గ్రాండ్‌మా ఇంటి సంగతులు చెబుతుంటే నేను పెన్సిల్ చెక్కుకుంటూ ఉండేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకి ఒక సమోవా వాళ్లింట్లో కేసు అప్పగించారు. సమోవా అంటే పసిఫిక్ సముద్రం నడిమధ్య ఉన్న దీవులు. అక్కడినుంచి ఓడల్లో, నేవీలో పనికి వచ్చి స్థిరపడ్డవాళ్లు మా ఊళ్లో వీధులకు వీధులే ఉండేవాళ్లు. ఆ ఇంటి పెద్దావిడకి డెబ్బై దాటాయి. షుగరు ఉంది, కుడికాలి బొటనవేలి దగ్గర మానని పుండు. ఇంట్లో అందరూ ఆవిడని టినా అని పిలుస్తుంటే, మా క్లాసులో టినా ఉన్నట్టే ఈవిడ పేరూ టినా అనుకున్నాను. అది పేరు కాదు, వాళ్ల భాషలో అమ్మ అని అర్థం. ఇంట్లో అందరికీ ఆవిడ అమ్మే.

ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులే ముప్పై జతలుండేవి. గరాజ్‌లో కార్లకి బదులు గోడ నుంచి గోడకి చాపలు పరిచి ఉండేవి. అల్లిన చాపల ఎండుగడ్డి వాసన, పూలు వేసి కాచిన కొబ్బరినూనె వాసన, చేపల ఫ్యాక్టరీలో పని చేసి వచ్చిన ఆడవాళ్ల బట్టల నీచు, పెరట్లో రాళ్లు కాల్చి ఆకులు కప్పి వండే ఆదివారపు పొయ్యి పొగ, వీటన్నిటి మధ్య వెడల్పాటి కుర్చీలో, నడుముకి పూలగుడ్డ చుట్టుకుని, తెల్లటి జుట్టు ముడి వేసుకుని టినా కూర్చునేది. చుట్టూ ఎప్పుడూ మనుషులే. ఒకరు విసురుతుంటారు, ఒకరు తల దువ్వుతుంటారు, ఒకరు ఊరికే కూర్చుని ఉంటారు. ఆవిడ మనవరాలు లూపే, నా ఈడుదే, ఆవిడ పాదాల దగ్గర చాప మీద కూర్చుని పిక్కలకి నూనె రాస్తూ ఉండేది. రాసి రాసి ఆ పిల్ల అరచేతులు ఎప్పుడూ మెరుస్తూ ఉండేవి. ఆ మెరుపు చూసిన మొదటిరోజే నా చేతులు వెనక్కి దాచుకున్నాను.

అమ్మ ఆ మొదటిరోజు అన్ని ఇళ్లలో లాగే నిలబడి చెప్పింది. అన్నం మానెయ్యాలి, చామదుంపలు తగ్గించాలి, కొబ్బరిపాలు వద్దు, తీపి అసలే వద్దు, రోజుకి రెండుసార్లు నడవాలి. గదిలో ఉన్నవాళ్లందరూ తలలు ఊపారు. టినా కొడుకు సెఫో అంకుల్ ఆ కుటుంబానికి పెద్ద, పడవంత మనిషి. ఆయన కూడా ప్రతి మాటకీ "యెస్ సిస్టర్, యెస్ సిస్టర్" అన్నాడు. రెండు వారాలయినా ఏమీ మారలేదు. పుండు పెరిగింది. ఇలాగే ఉంటే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. అమ్మ కారులో స్టీరింగ్ మీద కొట్టి, అన్నిటికీ ఊఁ కొట్టి ఒక్కటీ చెయ్యని ఇలాంటి మనుషుల్ని చూడలేదని విసుక్కునేది.

ఆ జులైలో ఒకరోజు అమ్మ అప్పటికే అయిదిళ్లు తిరిగి వచ్చింది. నడుం నొప్పి. వంగి కట్టు విప్పబోతూ, "అబ్బ" అనుకుని, కుర్చీ పక్కన చాప మీద మఠం వేసుకుని చతికిలబడి, టినా కాలు తన ఒళ్లోకి తీసుకుంది. విసురుతున్న ఆవిడ విసనకర్ర ఆపేసింది. అంతవరకూ అమ్మ ముట్టుకుంటే కాలు వెనక్కి లాక్కునే టినా ఈసారి లాక్కోలేదు. కాసేపు అమ్మ పాపిటవైపు చూసి, దాని మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాగే ఉంది. అమ్మ పని ముగించి కూడా లేవలేదు.

ఆరోజు సెఫో అంకుల్ మమ్మల్ని కారు దాకా సాగనంపుతూ మొదటిసారి మనసు విప్పి మాట్లాడాడు. ఇంతకుముందు వచ్చిన నర్సులందరూ తన తల్లితో నెత్తిమీంచి మాట్లాడినవాళ్లేనన్నాడు. తమ ఇళ్లలో పెద్దవాళ్ల ఎదుట నిలబడి మాట్లాడరు, వాళ్ల ముందునుంచి నడవాల్సి వస్తే వంగి, "టులో" అని క్షమాపణ చెప్పుకుని నడుస్తారన్నాడు. మరి అన్నిటికీ యెస్ అన్నారేమని అమ్మ అడిగింది. ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

"నువ్వు మా ఇంటికి వచ్చినదానివి. నీ మొహం మీద నో అని ఎలా అంటాం, సిస్టర్?"

కారెక్కాక అమ్మ చాలాసేపు నవ్వింది. "అచ్చం మా మేనత్తలేనే అమ్మడూ," అంది. ఆ తర్వాత అమ్మ ఏ సంగతైనా టినాకి నేరుగా చెప్పడం మానేసింది. సెఫో అంకుల్‌తోనూ ఆయన అక్కచెల్లెళ్లతోనూ చాప మీద కూర్చుని, ముందు పిల్లల చదువులు, ఊరి సంగతులు అన్నీ అయ్యాక, టినా ఏం తినకూడదో కాకుండా ఏం తినవచ్చో అడిగేది. చివరికి అది కుటుంబం నిర్ణయమయింది. టినా ఒక్కతే కాదు, ఇంట్లో పెద్దవాళ్లందరూ తీపి మానేశారు. కుటుంబం మాట కాబట్టి టినా కూడా తల ఊపింది. పుండు అంచులు ఎర్రబడి, కొత్త చర్మం రావడం మొదలైంది.

అందరూ సంతోషించారు, నేను తప్ప. ఎందుకంటే అప్పటినుంచి అమ్మ ఆ ఇంట్లో వాచీ చూసుకోవడం మానేసింది. మా ఇంట్లో అమ్మకి ఎప్పుడూ తలనొప్పే. నా జడ వేస్తుంటే చిక్కులు దువ్వెనతో లాగేసేది, కథ చెప్పమంటే రేపనేది. అదే అమ్మ టినా పాదం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలి సందూ మెత్తటి గుడ్డతో అద్దుతూ, నాకెప్పుడూ పాడని జోలపాట సన్నగా పాడేది. టినాకి అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని వినేది. ఆ పాట నాది కదా, ఆవిడకెందుకు ఇచ్చేస్తోంది అని నాకు ఏడుపొచ్చేది. ఇటు చూస్తే లూపే. టినా తినగా మిగిలిన ముద్ద లూపేకి, టినా దుప్పటి కొస లూపేకి, టినా నవ్వితే ముందు లూపే వైపు చూసి నవ్వేది. నా అమ్మని ఆవిడ తీసుకుంది, ఆవిడని లూపే ఉంచేసుకుంది. మధ్యలో నేను హోంవర్క్ చేసుకుంటూ కూర్చునేదాన్ని.

నాన్నకి కూడా వాళ్లే కావలసివచ్చారు. శనివారాలు పార్కులో వాళ్లు తమ పద్ధతిలో క్రికెట్ ఆడేవాళ్లు. మూడు పలకలుగా చెక్కిన గదలాంటి బ్యాటు, రబ్బరు బంతి, పక్షానికి ఇంతమందే అన్న లెక్క లేదు. బంతి దూరం పోతే గట్టున కూర్చున్న ఆడవాళ్లు లేచి పాడుతూ ఆడేవాళ్లు. కాలేజీ వదిలాక బ్యాటు పట్టని నాన్న మొదటి శనివారం చూసి వస్తానని వెళ్లి, మోకాలు చెక్కుకుని, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు. ఆదివారాల్లో పెరటి పొయ్యి తీసి, చామాకుల పొట్లాలు పంచేవాళ్లు. పాలుసామి అంటారు దాన్ని. నాన్న దానికి 'పాలుస్వామి' అని పేరు పెట్టి, కళ్లకద్దుకుని మరీ తినేవాడు. పెద్దవాళ్లకి ముందు పెట్టి, వాళ్లు తిన్నాక పిల్లలు తినాలి. లూపే విసనకర్రతో ఈగలు తోలుతూ, ఆకలితో నిలబడి, ఆ ఆకలిలో కూడా గర్వంగా కనపడేది. దాన్ని చూసి కూడా నాకు కుళ్లే. నాకెవరూ విసరమని ఒక విసనకర్ర ఇవ్వలేదు.

అక్టోబరులో వాళ్లకి పిల్లల పండగ వస్తుంది. ఆ ఆదివారం పిల్లలందరూ తెల్లబట్టలు వేసుకుని, చర్చిలో ఒక్కొక్కళ్లే నిలబడి, కంఠతా పట్టిన వాక్యాలు అప్పజెబుతారు. ఇంటికొచ్చాక ఏడాదంతా జరిగేది తిరగబడుతుంది. పిల్లలు కూర్చుంటారు, పెద్దవాళ్లు వడ్డిస్తారు. మమ్మల్ని కూడా పిలిచారు. నాకు తెల్లగౌను లేక అమ్మ ఆకుపచ్చ పట్టుపరికిణీ కట్టింది. అన్ని తెల్లబట్టల మధ్య నేనొక్కదాన్నే ఆకుపచ్చగా చివర కూర్చున్నాను. టినా కుర్చీలోంచి లేచి, కర్ర పట్టుకుని, కట్టు కట్టిన కాలితో నాలుగడుగులు నడిచి వచ్చి, లూపేకి తన చేత్తో వడ్డించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నా పళ్లెంలో ఎవరో అత్త వడ్డించింది.

నాకొక రహస్యం తెలుసు. వారం నుంచి చూస్తున్నాను. పెద్దవాళ్లు వంటింట్లో ఉన్నప్పుడు లూపే గిన్నెడు కోకో అన్నం, అంటే బియ్యం, కోకో, కొబ్బరిపాలు, చెంచాలకు చెంచాలు పంచదార వేసి పాయసంలా పిల్లల కోసం వండినది, విసనకర్ర చాటున దాచి తెచ్చి టినాకి తినిపించేది. టినాయే అడిగేది. పెద్దావిడ అడిగితే ఆ పిల్ల కాదనగలదా? అదంతా అప్పుడు నాకు పట్టలేదు. నేను లేచి నిలబడ్డాను. గరాజ్ నిండా బంధువులు, చర్చి పెద్దలు. పాస్టర్ గారు పక్కనే ఉన్నారు.

"లూపే టినాకి రోజూ షుగర్ పెడుతోంది," అన్నాను ఇంగ్లీషులో, గట్టిగా. "నేను చూశాను. టినా కాలు కట్ చేస్తే లూపే వల్లే."

అరుస్తారని, లూపేని తిడతారని అనుకున్నాను. అక్కడ వినపడింది పెరట్లో పొయ్యి రాళ్లు చల్లారుతూ చిటపటలాడే చప్పుడొక్కటే. లూపే తల వంచుకుంది, తెల్లగౌను మీద కోకో మరక ఏదో ఉన్నట్టు గోటితో గీకుతూ. టినా నా వైపు చూడలేదు. పాస్టర్ గారి వైపు కూడా చూడలేదు. మెల్లగా లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేనే అన్నాను, "నేను ట్రూతే చెప్పాను కదమ్మా."

"నువ్వు అబద్ధం చెప్పావనట్లేదే," అంది అమ్మ రోడ్డు వైపే చూస్తూ. "నాకు చెవిలో చెబితే వైద్యం అయ్యుండేది. అంతమందిలో చెప్పి ఆ పెద్దావిడ తల తీసేశావు. నీకు కావలసింది ఆవిడ కాలు బాగుపడ్డమేనా?"

ఆకుపచ్చ పరికిణీ కుచ్చిళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

మర్నాటినుంచి లూపే లేదు. లాంగ్ బీచ్‌లో పిన్నిగారింటికి పంపేశారు. పాదాల దగ్గర చాప ఖాళీగా ఉంది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. నేను వెళ్లి అక్కడ కూర్చుని, నూనె గిన్నె దగ్గరికి లాక్కుని, లూపే చేసినట్టే అరచేతులు రుద్దుకుని, టినా ఎడమ పిక్క పట్టుకున్నాను. ఆవిడ విసురుగా కాదు, మెల్లగానే, నా చేతుల్లోంచి కాలు తీసేసుకుంది. నూనె నా మోచేతుల దాకా కారింది. ఆవిడ ఆరోజు తినలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మ పాడినా కళ్లు తెరవలేదు. వారం తిరిగేసరికి మానుతున్న పుండు మళ్లీ నీరు పట్టింది. డాక్టర్ బొటనవేలు తీసెయ్యాల్సిందేనన్నాడు.

నా వల్లే అని ఎవరూ అనలేదు. అనకపోవడమే భరించలేకపోయాను. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు, అమ్మ లోపల ఉండగా, గరాజ్‌లో వల అల్లుకుంటున్న సెఫో అంకుల్ దగ్గరికి వెళ్లాను. వంగి, టులో అని, ఆయన ఎదురుగా చాప మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాను. ఆయన వల పక్కన పెట్టాడు. లూపేని తీసుకురమ్మని అడిగాను. షుగర్ సంగతి చెప్పింది టినా కోసం కాదని, లూపే అంటే నాకు పడదని, లూపేకి ఉన్నది నాకు లేదని, ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ ఏదేదో చెప్పాను.

"ఏం లేదు నీకు?" అని అడిగాడాయన.

"టినా."

ఆయన నవ్వలేదు. "ఎప్పుడైనా అడిగావా?" అన్నాడు.

అడగలేదు. అడిగితే ఇస్తారని నాకెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే లూపే వచ్చింది. నా వైపు చూడకుండా వెళ్లి టినా మంచం పట్టె పట్టుకుని నిలబడి, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన మొహానికి ఆనించుకుంది. సెఫో అంకుల్ వాళ్ల భాషలో తల్లికి ఏదో చెప్పాడు. టినా తల తిప్పి నన్ను చూసింది. వేలితో చాప మీద చోటు చూపించింది. ఎడమ పాదం నాకు. ఎడమ పిక్క, మోకాలు, చేతులు, తల లూపేకి. కుడికాలు ఎటూ అమ్మదే. నా వాటా చిన్నదేనని అప్పుడు కూడా కొలుచుకున్నాను. అయినా ఆ చిన్న పాదం, మడమ పగుళ్లు, వంకర తిరిగిన చిటికెన వేలు, దాని మీద ఉప్పురవ్వంత గోరు, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నా అరచేతికి తగులుతాయి. బొటనవేలు పోయింది, పాదం దక్కింది. వారానికోసారి, ఆదివారం, రెండే రెండు చెంచాల కోకో అన్నం అందరి ఎదుటా తినడానికి అమ్మ ఒప్పుకుంది. ఆ రెండు చెంచాలూ లూపేయే తినిపించేది. అది మాత్రం నాకు రాలేదు.

మరుసటి ఏడు వానలు పడుతున్న రోజుల్లో, ఒక పొద్దున రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. అమ్మమ్మ పోయింది. అమ్మ సోఫా అంచున కాసేపు కూర్చుంది. నాన్న టికెట్ల కోసం ఎవరెవరికో ఫోన్ చేశాడు. ఎంత తొందరపడినా అంత్యక్రియలకి అందుకునే దారి లేదని తేలింది. అమ్మ లేచి, మొహం కడుక్కుని, సంచీలో దూది, బ్యాండేజీ సర్దుకుని, టినాకి కట్టు మార్చే రోజు కదా అంది. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎప్పటిలాగే పని చేసింది, జోలపాట మాత్రం పాడలేదు. నేను పాదం పట్టుకుని కూర్చుని, పక్కనున్న లూపే చెవిలో చెప్పాను. చెవిలోనే చెప్పాను.

"పేరేంటి మీ గ్రాండ్‌మాది?" అని అడిగింది లూపే. "ప్రేయర్‌లో చెప్పాలి కదా."

నాకు తెలియదు. అమ్మమ్మని అమ్మమ్మనే అనేవాళ్లం. లూపేకి తన ముత్తాతల ముత్తాతల పేర్లు వరసగా తెలుసు, పాటలా చెప్పేది. మా అమ్మమ్మ పేరు నాకు తెలియదని ఆరోజు తెలిసింది.

సాయంత్రం మేము అన్నం ముందు కూర్చుని ఉన్నాం. కింద పార్కింగ్‌లో రెండు వ్యాన్లు, మూడు కార్లు ఆగాయి. గొడుగులు లేకుండా, వానలో, నల్లబట్టలతో వాళ్లు మెట్లెక్కి వచ్చారు. ఒకరి చేతిలో చావింటికి కానుకగా తెచ్చే, పట్టులా మెరిసే సన్నటి చాప, ఇంకొకరి చేతుల్లో రేకుమూతల వంటపాత్రలు. చివర నలుగురు మగవాళ్లు టినాని కుర్చీతో సహా మోసుకుని రెండంతస్తులూ ఎక్కించారు. మా ఇంట్లో అంతమంది పడతారని నాకు తెలియదు. సోఫాలు గోడకి జరిపేసి, కార్పెట్ మీద మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. సెఫో అంకుల్ అమ్మని అమ్మమ్మ పేరడిగాడు. "మాణిక్యమ్మ," అంది అమ్మ. ఆయన దాన్ని విడగొట్టుకుని, నెమ్మదిగా, తప్పు పోకూడదన్నట్టు రెండుసార్లు పలికి చూసుకుని, ప్రార్థనలో చెప్పాడు. తర్వాత పాట ఎత్తుకున్నారు. మగవాళ్ల గొంతులు కింద, ఆడవాళ్ల గొంతులు పైన, కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. తాము ఎన్నడూ చూడని, రాజమండ్రి దాటి పెద్దగా ఎటూ వెళ్లని ఒక ముసలావిడ కోసం పాతికమంది వానకి తడిసి వచ్చి పాడుతున్నారు. పొద్దుటినుంచి కన్నీటి చుక్క రాల్చని అమ్మ ఆ పాట మధ్యలో జరిగి జరిగి వెళ్లి టినా ఒళ్లో తల పెట్టుకుంది. టినా చెయ్యి అమ్మ పాపిట మీదికి వచ్చింది. అమ్మ అప్పుడు ఏడ్చింది.

లూపే కూడా ఏడ్చింది. వెక్కివెక్కి, భుజాలు ఎగిరేలా, సొంత మనిషి పోయినట్టే ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. పోయింది నా అమ్మమ్మ. ఏడుపు లూపేకి వచ్చింది. ఆ క్షణంలో నేను దాని నూనె చేతుల్ని చూసి కాదు, తెల్లగౌనుని చూసి కాదు, దాని కన్నీళ్లని చూసి కుళ్లుకున్నాను. ఎలా ఏడవాలో ఎవరు నేర్పారు దీనికి అనుకున్నాను. లూపే నా మొహం చూసి ఏమనుకుందో, పక్కకి జరిగి వచ్చి, తడి మొహం నా భుజానికి ఆనించింది. నేను దాన్ని తోసెయ్యలేదు. దగ్గరికీ తీసుకోలేదు.

టినా ఇంకో మూడేళ్లు బతికింది. తన మంచం మీద, పాటల మధ్య పోయింది. ఆఖరి స్నానం చేయించడానికి కూతుళ్లతోపాటు అమ్మనీ పిలిచారు. నాన్నకి మిషిగన్‌లో ఉద్యోగం వచ్చి, ఎనభైల మధ్యలో మేము ఫార్మింగ్టన్ హిల్స్‌కి మారిపోయాం. అక్కడ తెలుగువాళ్లు దొరికారు, ఆంటీలు అంకుల్స్ దొరికారు, వీకెండ్ పార్టీలు దొరికాయి. ఎవరి ఇంట్లో చూసినా పెద్దవాళ్లకి విడిగా ఒక బెడ్‌రూం, అందులో ఒక టీవీ ఉండేవి.

ఇప్పుడు కార్సన్‌లో ఆ వీధి లేదు. వాళ్లు క్రికెట్ ఆడిన చోట లారీల గోడౌన్లు వచ్చాయి. గరాజ్‌లో చాపలు పరుచుకునే ఇళ్లు అమ్ముడుపోయి, కుటుంబాలు నెవాడాకి, యూటాకి చెదిరిపోయాయి. సెఫో అంకుల్ పోయాడు, నాన్నా పోయాడు. లూపే మాత్రం ఆ దగ్గర్లోనే ఉంది, నర్సు అయింది, తనకీ మనవరాలుంది. అమ్మకి ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. కాని వేసవి రాగానే లూపే దగ్గరికి వెళతానంటుంది. ఈసారి మూడు వారాలకని వెళ్లి, రెండుసార్లు టికెట్ మార్చుకుంది.

నిన్న మధ్యాహ్నం అమ్మతో మాట్లాడదామని అక్కడికి ఫోన్ చేశాను. లూపే మనవరాలు తీసింది, ఏడేళ్లుంటాయి. గ్రాండ్‌మా పడుకుందని, లేపనని, లేపకూడదని గుసగుసగా చెప్పింది. ఆవిడ మీ గ్రాండ్‌మా కాదు, మా అమ్మ అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఓకే," అంది ఆ పిల్ల. "నువ్వు కూడా వచ్చెయ్."

ఆ గొంతులో తన వాటా తగ్గిపోతుందన్న దిగులు లేదు. యాభై దాటిన నేను, వంటింట్లో ఫోన్ చేత్తో పట్టుకుని, మొహం కూడా చూడని ఆ ఏడేళ్ల పిల్లని తలుచుకుని చాలాసేపు కుళ్లుకుంటూ నిలబడిపోయాను.